ఆ ఒక్క మూల ముక్క తిరగదు, పాప తప్పు లేదు

"రూబిక్స్ క్యూబులో అంతా కుదురుతోంది, చివర ఒక్క మూల ముక్క మాత్రం మెలి తిరిగి ఉండిపోతోంది, మా పాపకు ఇంకే ఫార్ములా (బట్టీపట్టే తిప్పుళ్ల వరస) నేర్పించాలి?" అని అడిగారు. ఏ ఫార్ములా వద్దు. క్యూబు ఎప్పుడైనా కింద పడి ఊడిందా, ఎవరైనా విప్పి బిగించారా అని పాపను అడగండి.

మా తమ్ముడి కొడుక్కి ఇదే జరిగింది. మలక్‌పేటలో వాళ్లది మూడో అంతస్తు. వేసవి సెలవుల్లో బాల్కనీలో నిలబడి తిప్పుతుంటే క్యూబు చేయి జారి పార్కింగులో పడింది. ఆరు మధ్య ముక్కలు ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి అవి నిలిచాయి. మిగిలిన 20 ముక్కలూ చెల్లాచెదురయ్యాయి. వాడూ వాచ్‌మన్ భార్యా కార్ల కింద దూరి ఏరారు. ఆఖరిది, తెలుపు-ఆకుపచ్చ అంచు ముక్క, నీళ్ల సంపు మూత పక్కన దొరికింది. వాడు ఏ ముక్క చేతికందితే దాన్ని ఖాళీలో నొక్కేశాడు.

అప్పటినుంచి మీ పాప కష్టమే వాడిదీ. వేసవి శిక్షణలో సార్ "ఫార్ములా సరిగ్గా బట్టీపట్టలేదు" అని అందరి ముందూ కోప్పడి, వందసార్లు రాయించారట. నేను వెళ్లేసరికి నోటుబుక్కులో నాలుగు పేజీల నిండా ఆ ఫార్ములా అక్షరాలే. "అత్తా, నేను సరిగ్గానే తిప్పుతున్నాను" అన్నాడు. మూడుసార్లు పక్కన కూర్చుని చూశాను. నిజంగా సరిగ్గానే తిప్పుతున్నాడు.

కాగితం తెమ్మన్నాను. ప్రతి మూల ముక్క మీదా తెలుపో పసుపో ఉంటుంది. ఆ రంగు పైకో కిందికో ఉంటే 0, గడియారం ముల్లు తిరిగే వైపు ఒక మెలి పడితే 1, ఎదురు వైపు పడితే 2, మూడు మెలికలైతే మళ్లీ 0. పై వరస గానీ కింది వరస గానీ తిప్పితే ఏ అంకే మారదు. పక్క ముఖాన్ని పావు చుట్టు తిప్పితే రెండు మూలలకు ఒకటేసి, రెండు మూలలకు రెండేసి కలుస్తాయి. కలిసింది ఆరు. కుదిరిన క్యూబులో మొత్తం 0, కాబట్టి దాన్ని ఎంత తిప్పినా ఎనిమిది మూలల మొత్తాన్ని మూడుతో భాగిస్తే శేషం రాదు. వాడే తిప్పుతూ, వాడే అంకెలు వేస్తూ పది తిప్పుళ్లు చూశాడు, తిప్పడం వల్ల శేషం మారదని తేలింది. మరి ఒక్క మూలే తిరిగి ఉంటే? మొత్తం 1 లేదా 2. అంటే ఎంత తిప్పినా అక్కడికి చేరలేం.

ఇలాగే ఒక్క అంచు ముక్క మాత్రమే తిరగబడదు, రెండు ముక్కలు మాత్రమే చోటు మార్చుకోవు. మూలల మెలికకు మూడు అవకాశాలు, అంచు తిరగబడటానికి రెండు, చోటు మార్పుకు రెండు, హెచ్చిస్తే 12. కళ్లు మూసుకుని బిగించిన క్యూబు కుదిరే అవకాశం 12లో ఒక్కటే. సక్రమమైన అమరికలే సుమారు 4.3 లక్షల కోట్ల కోట్లు ఉన్నా, దానికి పదకొండు రెట్లు మనం తిప్పి చేరలేని అమరికలు. నాలుగు వరసల క్యూబులో అంచు తిరగబడినట్టు కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. అక్కడ అంచు అంటే రెండు ముక్కల జంట, అవి చోటు మార్చుకోగలవు.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వాళ్లకు ప్రస్తారాల పాఠం, అంటే వస్తువులను ఎన్ని రకాలుగా అమర్చవచ్చో లెక్కించే పాఠం, ఉంది. ఎర్ర బంతులు, నల్ల బంతులు, పదంలో అక్షరాలు, ఇవే ఏళ్ల తరబడి. క్లాసులో సగంమంది సంచుల్లో క్యూబు ఉంటుంది, దాన్ని బల్ల మీద పెట్టి ఆ పాఠం చెప్పినవాళ్లను నేను చూడలేదు. పిల్లలకు రంగులు చూపిస్తున్నాం, ముక్కలు చూపించడం లేదు. ఎరుపు-నీలం అంచు ఎక్కడికి పోయింది, ఏ వైపు తిరిగింది అని గమనించే పిల్లకు బట్టీ అవసరమే రాదు.

ఇక మీ క్యూబు సంగతి. కొత్త రకమైతే, అంటే వేగంగా తిరిగే స్పీడ్ క్యూబు అయితే, విప్పనక్కర్లేదు. ఆ మూలను బొటనవేలితో గట్టిగా ఒక మెలి తిప్పండి, కుదరకపోతే ఇంకొకటి. వాటిలో వేగంగా తిప్పేటప్పుడు మూల దానంతటదే మెలి పడటమూ ఉంది, పాపను నిందించకండి. పాత రకమైతే పై వరసను కాస్త వాలుగా తిప్పి, ఒక అంచు ముక్కను పైకి లాగితే పక్క మూల ఊడి వస్తుంది. సరిచేసి, బిగించి, రంగులు మళ్లీ బాగా కలిపేసి, పాప చేతికే ఇవ్వండి.