ఒంటి మీద దెబ్బ పడకపోయినా ‘అసాల్ట్’ అవుతుందా? అసలా మాట ఎక్కడిది?

మీ చిన్నాన్నగారికి వచ్చిన లాయర్ నోటీసులో ‘అసాల్ట్’ చేశారని ఉందనీ, ఆయన అవతలివాళ్ల మీద చెయ్యి కూడా వెయ్యలేదనీ రాశారు. చెయ్యి వెయ్యకపోయినా అసాల్ట్ అవుతుందండి. ఆ మాట పుట్టుకలోనే ఆ సంగతి ఉంది.

నేను విజయనగరంలో ప్లీడరు గుమాస్తాని. గట్టు తగాదాలు, దారి తగాదాల కాగితాలు రాస్తూనే ఇన్నేళ్లూ గడిచాయి. ఒకసారి చీపురుపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏం జరిగిందని అడిగితే, “కర్రెత్తి మీదకొచ్చీసినాడు బాబూ” అని బెంచీ మీంచి లేచి, రెండు చేతులూ తల మీదికెత్తి ఒక్క అంగ ముందుకేసి చూపించాడు. కొడుకు మాత్రం “కొట్టినాడని రాసీండి, కేసు గట్టిగా ఉంటాది” అంటాడు. మా ప్లీడరుగారు ఒప్పుకోలేదు. దెబ్బ లేదు, డాక్టరు సర్టిఫికెట్ లేదు. కొట్టాడని రాస్తే, అవతలి లాయరు ప్రశ్నలు వేసే క్రాస్‌లో అది నిలబడదు, దాంతోపాటు నిజంగా జరిగింది కూడా ఎవరూ నమ్మరు. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు, అసాల్ట్‌కి అంతే చాలన్నారు.

నిజంగానే ఆ ఇంగ్లీషు మాట అర్థం ‘మీదికి రావడమే’. లాటిన్‌లో ‘సలీరే’ అంటే దూకడం. ముందు ‘అద్’ చేరితే ఒకరి మీదికి దూకడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. వచ్చినప్పుడు అందులో ‘ఎల్’ అక్షరం లేదు, లాటిన్ మూలం చూసి తర్వాత చేర్చుకున్నారు. ‘ఇన్‌సల్ట్’ కూడా ఈ కుదురులోదే. మొదట దానికీ మీదికి దూకడమనే అర్థం, అవమానమన్న అర్థం తర్వాత స్థిరపడింది. పిల్లిమొగ్గని ‘సోమర్‌సాల్ట్’ అనడంలోనూ ఈ దూకుడే ఉంది. ‘అటాక్’ మాత్రం వేరే వంశం. అది ఇటాలియన్ నుంచి వచ్చింది, ‘అటాచ్’కి తోబుట్టువు. మన ‘కలబడ్డాడు’ దానికి దగ్గర.

సైన్యం భాషలో అసాల్ట్ అంటే కోట మీద పడటం. 1757 జనవరిలో బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం రాజు బలగం కలిసి బొబ్బిలి కోట మీద చేసింది అలాంటి అసాల్టే. ఈ అర్థమే పత్రికల ‘దాడి’లోకి దిగింది. అందుకే అసాల్ట్ అనగానే రక్తం కారాలేమో అనిపిస్తుంది.

కోర్టు అర్థం వేరు. ఇంగ్లండులో ‘అసాల్ట్’, ‘బ్యాటరీ’ అని రెండు మాటలు పక్కపక్కనే వాడతారు. బ్యాటరీ అంటే తగలడం, అసాల్ట్ అంటే తగులుతుందన్న భయం పుట్టించడం. అక్కడ 1669 నాటి కేసు ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకాయన కత్తి మీద చెయ్యి వేసి, “జడ్జీలు ఊళ్లో ఉన్నారు గానీ లేకపోతే నీ మాటలు సహించేవాణ్ణి కాదు” అన్నాడు. ఇప్పుడు కొట్టను అని ఆ మాటే చెబుతోంది కాబట్టి అది అసాల్ట్ కాదన్నారు.

మన 1860 నాటి శిక్షాస్మృతి ‘బ్యాటరీ’ అన్న మాట తీసుకోలేదు, అసాల్ట్‌ని 351వ సెక్షన్‌లో పెట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 130. ఎదుట ఉన్న మనిషికి ‘ఇప్పుడే నా మీద బలప్రయోగం చేస్తాడు’ అనిపించేలా సైగ గానీ సన్నాహం గానీ చెయ్యడమే నేరం. అందులో ఇచ్చిన ఉదాహరణలు చూడండి: పిడికిలి ఆడించడం, కరిచే కుక్క మూతికున్న కట్టు విప్పబోవడం, కర్ర తీసి “నిన్ను కొడతాను” అనడం. ఉత్త మాటలు అసాల్ట్ కావు. కానీ కర్ర పట్టుకున్న చేతికి అర్థం ఇచ్చేది ఆ మాటే. నాకు ఈ సెక్షన్ మీద ఎంతో గౌరవం. దెబ్బ తినేదాకా ఆగకుండా, భయపడ్డ మనిషి వైపు నిలబడుతుంది. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం పెట్టిన పోక్సో చట్టంలో ‘సెక్సువల్ అసాల్ట్’కి నిర్వచనం వేరు, దాన్ని దీంతో కలపకండి.

ఒట్టి అసాల్ట్‌కి 131 కింద మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు.

నోటీసుకి జవాబులో ‘కొట్టలేదు’ అని ఒక్కటే రాస్తే చాలదు. కర్ర ఎత్తారా, ఎంత దూరంలో నిలబడ్డారు, ముందుకు వెళ్లారా, ఆ సమయంలో ఏమన్నారు అన్నవన్నీ ముందు చిన్నాన్నగారిని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు మీ లాయరుగారికి అందించండి.