ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకి హెపటైటిస్ ప్రమాదం నిజంగా అంత ఉంటుందా? టీకా అవసరమా?

ల్యాబ్ టెక్నీషియన్‌గా కొత్తగా చేరానని రాశారు కాబట్టి చెప్తున్నా, హెపటైటిస్ బి టీకా వేయించుకోండి. అది రక్తం ద్వారా అంటి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్. ఇవాళ ఒకటి, నెల తర్వాత ఇంకొకటి, ఆరో నెలలో మూడోది. తర్వాత ఒకటి రెండు నెలల్లో టైటర్, అంటే టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష, చూపించుకోండి, 10 దాటాలి. మూడో డోసు దాకా వెళ్లేవాళ్లే తక్కువ, టైటర్ సంగతి సరేసరి.

నేను స్టాఫ్ నర్సుని. మా వాళ్ల తీరు నాకు అర్థం కాదు. పేషెంటుకి హెచ్ఐవీ అంటే రెండేసి గ్లవ్స్ వేస్తారు. హెపటైటిస్ బి అంటే "ఓహో" అని ఊరుకుంటారు. హెచ్ఐవీ ఉన్న సూది గుచ్చుకుంటే వచ్చే అవకాశం వెయ్యికి మూడు. టీకా లేనివాళ్లకి హెపటైటిస్ బి అయితే వందకి ముప్పై దాకా కూడా ఉంటుంది. పైగా ఎండిన రక్తంలో ఆ వైరస్ వారం రోజులు బతుకుతుంది.

అయినా నన్నడిగితే అసలు ప్రమాదం మీకూ నాకూ కాదు, మనం పడేసింది ఎత్తే ఆయమ్మకి. నేను ఇదివరకు చేసిన నర్సింగ్ హోమ్‌లో ఒక రాత్రి యాక్సిడెంట్ కేసు వచ్చింది. ఆ హడావిడిలో ఎవరో సెలైన్ పెట్టే కాన్యులా సూదిని, సూదులు వేసే తెల్ల డబ్బాలో వేయకుండా దూదితో పాటు పసుపు కవర్లో పడేశారు. పొద్దున్నే ఆయమ్మ కవరు ముడేస్తుంటే అరచేతిలో దిగింది. కొంగుతో తుడుచుకుని "ముల్లు గుచ్చుకుంటే చస్తామా సిస్టరమ్మా" అంది. పంపు కింద సబ్బుతో చెయ్యి కడిగించి ఆ యాక్సిడెంట్ పేషెంటు కేసు షీటు చూశా. హెపటైటిస్ బి పాజిటివ్.

ఆవిడకి ఒక్క డోసూ పడలేదు. ఇమ్యునోగ్లోబులిన్, అంటే వెంటనే రక్షణ ఇచ్చే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్, 24 గంటల్లోపు పడితే మంచిది, దాని ఖరీదేమో వేలల్లో. కాంట్రాక్టరు మనిషి కదా అంది మేనేజ్‌మెంటు. పని మీ దగ్గరే కదా అన్నాడు కాంట్రాక్టరు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో చెత్త ఎత్తేవాళ్లకీ ఈ టీకా వేయించాలని స్పష్టంగా ఉంది. అది చూపిస్తే ఇన్‌చార్జి సిస్టర్ నామీదే కళ్లెర్రజేసింది. వాళ్లాయన వచ్చి కామెర్ల పసరు పోయిస్తానని ఇంకో గొడవ. డ్యూటీ డాక్టర్ గారు మొహమాటం లేకుండా పై వాళ్లకి ఫోన్ చేస్తే సాయంత్రానికి ఇంజెక్షనూ, మొదటి డోసూ పడ్డాయి.

1997లో మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు ఈ టీకాని చవగ్గా తెచ్చారు. ఇప్పుడు డోసు ఖరీదు ఒక ప్లేటు బిర్యానీ అంత కూడా ఉండదు. హెపటైటిస్ సి కి టీకా లేదు, కానీ మాత్రలతో నయమవుతుంది.

ఆయమ్మకి ఆరు నెలల తర్వాత కూడా నెగటివే వచ్చింది. ఇంజెక్షన్ కోసం కూర్చున్న ఆ పూటకి మాత్రం కాంట్రాక్టరు కూలి కోసేశాడు.