కంప్యూటర్ బిల్లింగ్ పెడితే సొసైటీ స్టోర్ మామూలు కొట్టయిపోతుందా?

ప్రశ్న: మాది అనంతపురంలో ఉద్యోగుల వినియోగదారుల సహకార స్టోర్. కంప్యూటర్ బిల్లింగ్, ఫోన్‌పే పెడదామని కుర్ర సభ్యులంటున్నారు. అలా చేస్తే ఇదీ మామూలు కొట్టయిపోతుందని పెద్దల అభ్యంతరం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ పాలకవర్గ సభ్యుడు

జవాబు: బిల్లు మీద సభ్యత్వ నంబరు పడుతుందా లేదా అన్నదే అసలు సంగతి. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి పెట్టుకున్న కొట్టు, లాభాన్ని ఎవరెంత సరుకు కొన్నారో ఆ లెక్కన పంచింది. మామూలు కొట్టుకూ సహకార స్టోర్‌కూ తేడా అదే. చేతిరాత బిల్లులతో ఆ లెక్క తీయడం గగనం. కంప్యూటర్‌తో క్షణాల పని. కాబట్టి సభ్యులవారీగా ఏడాది కొనుగోళ్ల పట్టిక ఇవ్వని సాఫ్ట్‌వేర్ ఎంత చవకైనా కొనకండి. సభ్యుల కొనుగోళ్లు 30 లక్షలై, రిజర్వు నిధి వగైరా పోను పంచడానికి 60 వేలు మిగిలితే, రూపాయికి రెండు పైసలు. 24 వేల సరుకు కొన్న ఇంటికి 480 రూపాయలు వస్తాయి. పెద్దలకు ముందు ఈ లెక్కే చూపించండి.

దెబ్బతినేది తొలిరోజు నిల్వ దగ్గర. పాత రిజిస్టరులోని అంకెలు యథాతథంగా ఎక్కించొద్దు. ఒకరోజు స్టోర్ మూసి, ఇద్దరు పాలకవర్గ సభ్యుల ఎదుట ప్రతి బస్తా కాటా వేసి ఆ తూకమే రాయండి. సోనామసూరి బస్తాల్లో కొంటారు, కిలోల్లో అమ్ముతారు. బస్తా 25 కిలోలదా, 26 కిలోలదా అన్నది విడివిడిగా నమోదు చేయాలి. ఇక్కడ పొరబడితే నూరు బస్తాలకు క్వింటాలు తేడా వస్తుంది, ఆ నింద పాపం సేల్స్‌మన్ నెత్తిన పడుతుంది. చింతపండు ఆరి తూకం తగ్గడం సహజం. నెలనెలా కాటా వేసి, ఆ తరుగును తీర్మానంతోనే లెక్కల్లోంచి కొట్టేయండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించాలి.

క్యూఆర్ కోడ్ సొసైటీ ఖాతాదే ఉండాలి, సేల్స్‌మన్ సొంత నంబరు ఒక్కరోజు కూడా వద్దు. రాత్రికి బిల్లుల మొత్తం ఒకవైపు, గల్లాపెట్టె నగదూ బ్యాంకు జమా కలిపి మరోవైపు సరిపోవాలి. ఫోన్ వాడని పింఛనుదారుల కోసం నగదు కౌంటర్ తీసేయకండి. అరువు అసలే వద్దు. తప్పదంటే, జీతంలో కోతకు రాసిచ్చినవారికే, పరిమితి పెట్టి ఇవ్వండి.

సాఫ్ట్‌వేర్ కొనే ముందు కొటేషన్లు మహాజన సభలో, అంటే సభ్యులందరి సమావేశంలో, పెట్టండి. వాటాధనం ఎంతున్నా మనిషికి ఒకే ఓటు గనుక కుర్రాళ్ల మాటకూ, పెద్దల మాటకూ అక్కడ ఒకే విలువ. బైలాలో, అంటే సొసైటీ నియమావళిలో, కొనుగోళ్ల లెక్కన లాభం పంచే ఈ రిబేటు ప్రస్తావన లేకుంటే అదే సభలో సవరణ ఆమోదించుకోండి. సహకార శాఖలో ఆ సవరణ రిజిస్టరయ్యాకే పంపకం మొదలుపెట్టాలి.