‘రన్’ అంటే పరుగొక్కటేనా?

సందేహం: మాది కందుకూరు దగ్గర పల్లె. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ‘ద రోడ్ రన్స్ త్రూ ద విలేజ్’ అనే వాక్యాన్ని తెలుగులో రాయమంటే తొమ్మిదో తరగతిలో సగం మంది ‘రోడ్డు ఊరి గుండా పరుగెత్తుతుంది’ అని రాశారు. తప్పంటే, ‘రన్ అంటే పరుగెత్తడమే గదా టీచర్, ఇంకేం రాయాలి?’ అన్నారు. నాలుగైదు మాటలు చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. ‘రన్’కు అన్నిచోట్లా సరిపోయే తెలుగు మాట ఉందా? ‘హోటల్ రన్ చేస్తున్నాడు’ అని తెలుగులో అనొచ్చా? ఇంగ్లీషు క్రియల్లాగా ఇన్ని అర్థాల్లో వాడుకోగల క్రియలు మనకు లేవా? చివరగా, మా బస్సు కండక్టర్ రోజూ ‘రన్నింగ్‌లో దిగొద్దు’ అంటాడు. అది ఏ భాష?

సమాధానం: అన్నిచోట్లా సరిపోయే మాట లేదండీ. దానికోసం వెతుక్కోనక్కర్లేదు కూడా. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు వాళ్లు 2011లో ఈ క్రియను సవరించి రాసినప్పుడు 645 అర్థాలు తేలాయి. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాటతోనే తొమ్మిది నెలలు కుస్తీ పట్టాడు. అంతకుముందు, 1928లో పూర్తయిన మొదటి కూర్పులోనూ 1989 నాటి రెండో కూర్పులోనూ అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన క్రియ ‘సెట్’. ఇప్పుడు ఆ పీట ‘రన్’ది. మీ పిల్లలు ఆ 645లో మొదటిదాన్ని పట్టుకుని ఆగిపోయారు, అంతే. పాఠం చివర ‘రన్ – పరుగెత్తు’ అని అడ్డగీత గీసి అచ్చేసేవాళ్లను అనాలి గానీ పిల్లల్ని అనకండి.

ఇలాంటి క్రియ ఎదురైనప్పుడు క్రియ వైపు ఎంతసేపు చూసినా తెలుగు మాట తోచదు. కర్తను చూడాలి. ఆ ‘రన్’ అయ్యేది కాళ్లున్నదా, చక్రాలున్నదా, నీళ్లా, యంత్రమా, వ్యాపారమా? అది తేలితే మాట దానంతటదే నోటికొస్తుంది. జాతీయ రహదారి ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా చెన్నైకి పోతుంది. ‘పోతుంది’ అనడానికి మీ ఊళ్లో ఎవరూ ఆలోచించరు. పిల్లలకు ఆ మాట తెలియక కాదు, పరీక్ష పేపరు ముందు కూర్చోగానే మరిచిపోతారు.

బస్సుల సంగతి చూడండి. ‘ఉదయగిరికి బస్సులు నడుస్తున్నాయి’ అంటే ఆ దారిలో సర్వీసు ఉందని. బంద్ రోజున మాత్రం ‘బస్సులు తిరగడం లేదు’ అంటాం. రెండు చోట్లా ఇంగ్లీషులో ‘రన్’తోనే సరిపెట్టొచ్చు, మనం మాత్రం తేడా పాటిస్తాం. అసలు ఇంగ్లీషువాడు పరుగు పెట్టించే వాటిలో చాలావాటిని మనం నిమ్మళంగా నడుపుతాం: హోటలు, బడి, చీటీలు, సంసారం, ప్రభుత్వం. ఎన్నికల్లోనైతే అమెరికావాడు పరుగెత్తుతాడు. మనవాడు ఎమ్మెల్యేకి నిలబడతాడు. ఇంగ్లండులోనూ నిలబడటమే.

యంత్రాల దగ్గర ‘ఆడు’, ‘తిరుగు’ పనికొస్తాయి. ఉన్నచోటనే ఉండి కదిలేది ఆడుతుంది: గానుగ ఆడుతుంది, బియ్యం మిల్లు ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. గుండ్రంగా కదిలేది తిరుగుతుంది. అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద రాత్రిపూట కరెంటు పోయిందనుకోండి, ‘ఏరియేటర్లు తిరగడంలా, జనరేటర్ వెయ్యి’ అని కేక వినపడుతుంది. గాలి అందక రొయ్యలు చచ్చిపోతాయన్న టెన్షన్‌లో ఉన్నవాడికి వ్యాకరణంతో పనిలేదు, అయినా మాట తప్పడు. నాటకం ఆడినట్టే సినిమా కూడా వంద రోజులు ఆడుతుంది. చేతిలో డబ్బు ఆడుతోందనే మాట కూడా ఈ కోవలోదే. ఇక ఒంటికి సంబంధించినవి వేరు. ముక్కు కారుతుంది. జ్వరం కాస్తుంది. వెంకటగిరి చీర కొన్న మనిషి ‘ఉతికితే రంగు దిగదు గదా’ అని అడుగుతుంది. ఇవన్నీ ఇంగ్లీషులో ‘రన్’ చేత పలికించగల సంగతులే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ‘రన్’తో నిజంగా చుట్టరికం కలపదగిన మాట మనకు ఒకటుంది: ‘పారు’. పాతకాలంలో దీన్ని బండి ఱతో ‘పాఱు’ అని రాసేవాళ్లు. పరుగెత్తడం, ప్రవహించడం రెండూ దాని అర్థాలే. ‘పరుగు’ కూడా ఆ కుదుట్లో మాటే. పరుగు అర్థం ఇవాళ్టికీ ‘పారిపోయాడు’లో మిగిలి ఉంది. నీళ్ల అర్థం ‘పారబోశాడు’లో ఉంది. ‘వాడి పాచిక పారలేదు’ అన్నప్పుడు ఇంకో అర్థం. ఇంగ్లీషు వైపు చూస్తే, పాత ఇంగ్లీషులో ‘రిన్నన్’ అనే క్రియకు కూడా పరుగెత్తడం, ప్రవహించడం అనే రెండు అర్థాలున్నాయి. ‘రన్’ అక్కణ్ణుంచి వచ్చిందే. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి పెన్న! ఒకదానితో ఒకటికి సంబంధం లేని రెండు భాషలు పరుగునూ ప్రవాహాన్నీ ఒకే మాటలో పెట్టుకున్నాయి. తరవాత ఇంగ్లీషు ఆ మాటను యంత్రాలకూ వ్యాపారాలకూ ఎన్నికలకూ ఇచ్చేసింది. మనం నీళ్లకు వదిలిపెట్టి, పరుగుకు ‘పరుగెత్తు’ అని వేరే మాట కట్టుకున్నాం.

నీళ్లకు వదిలిపెట్టామన్నాను గానీ, ఆ మాట నీళ్ల దగ్గరే ఉండిపోలేదు. పెన్న నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుందంటే, పారేది నది. నెల్లూరు పల్లెల్లో కయ్యకు, అంటే మడికి, నీళ్లు పెట్టే మనిషిని అడగండి. ‘కాలవ పారతా ఉంది’ అంటాడు. అక్కడిదాకా ఇంగ్లీషుతో సమానమే. మడవ తిప్పి, గట్టు మీద కూర్చుని, ‘రాత్రికి రెండు కయ్యలు పారినాయి’ అని కూడా అంటాడు. ఇక్కడ పారింది నీళ్లు కాదు, కయ్యలు! తడవడం పూర్తయిందని అర్థం. ‘ఈ మోటారుకు ఎకరా పారాలంటే ఎంతసేపు పడుతుంది?’ అన్నప్పుడూ అంతే. ఈ వాక్యాన్ని ‘రన్’తో ఇంగ్లీషు చేసి చూడమనండి మీ పిల్లల్ని. పొలం పరుగెత్తిందని వస్తుంది. ఆ నవ్వులో వాళ్లకు సంగతి బోధపడుతుంది.

‘హోటల్ రన్ చేస్తున్నాడు’ తప్పా అన్నారు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. పైగా అందులో తెలుగు పనితనం ఉంది. ఇంగ్లీషులో హోటలూ ‘రన్’ అవుతుంది, యజమానీ దాన్ని ‘రన్’ చేస్తాడు, క్రియ మారదు. తెలుగుకు అది చెల్లదు. తనంతట జరిగేదానికి ఒక రూపం, ఒకరు జరిపించేదానికి ఇంకో రూపం కావాలి: నడుచు–నడుపు, తిరుగు–తిప్పు, పారు–పారించు, ఆడు–ఆడించు, కారు–కార్చు. ఈ అలవాటు ఎంత గట్టిదంటే, అరువు తెచ్చుకున్న మాటనైనా అలా వదలం. ‘రన్ అవుతోంది’, ‘రన్ చేస్తున్నాడు’ అని రెండుగా చీల్చేస్తాం. పాత ఇంగ్లీషులోనూ ఇలాంటి జంట ఉండేది. ‘రిన్నన్’ అకర్మకం, ‘ఎర్నన్’ సకర్మకం. కాలక్రమంలో రెండూ కలిసిపోయి ఒక్క ‘రన్’ మిగిలింది. అర్థాలు ఆరొందలు దాటడానికి ఇదీ ఒక కారణమే.

నా మటుకు నేను హోటలైతే ‘నడుపుతున్నాడు’ అనే అంటాను. చిన్న మాట, సుఖంగా పలుకుతుంది. కంప్యూటర్ దగ్గర మాత్రం ‘ప్రోగ్రామ్ రన్ చెయ్యి’ అనడమే మేలు. అక్కడ ‘నడుపు’ అంటే వినేవాడు ఒక క్షణం తడబడతాడు. నాకు ఒళ్లు మండేది ‘రన్’ మీద కాదు, ‘ఫలానా వారిచే నిర్వహింపబడుచున్నది’ అనే బోర్డు మీద. అందులో ఇంగ్లీషు అక్షరం ఒక్కటి లేదు, అయినా ఆ ‘చే’, ‘బడు’ల కట్టులో ఎంత ఇంగ్లీషుందో చూడండి.

‘రన్’ పక్కన ఇంకో చిన్న మాట చేరితే అసలు కదలికే ఉండకపోవచ్చు. ‘రన్ అవుట్’ అంటే క్రికెట్‌లో రనౌటే, ఇంట్లో మాత్రం బియ్యం నిండుకోవడం. లేవని నోటితో అనకూడదని మనవాళ్లు పెట్టుకున్న మర్యాద అది. ‘రన్ ఇంటూ’ అంటే బజార్లో ఎవరైనా తగలడం. బ్యాటరీ ‘రన్ డౌన్’ అయితే దిగిపోయిందంటాం. వీటికి సూత్రం లేదు, ఒక్కొక్కటీ నేర్చుకోవాల్సిందే.

మనకు ఇలాంటి క్రియలు లేవా అన్న ప్రశ్నకు ‘పట్టు’ అనే ఒక్క మాట చాలు. నిద్ర పడుతుంది, చెమట పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, పనికి టైం పడుతుంది. చేపలు పడతాం, గొడుగు పడతాం. నిరుటి చొక్కా పట్టదు. పక్కింటి గొడవ మనకు పట్టదు. నడుము పట్టేస్తుంది. పిండి పట్టిస్తాం, పాలు పట్టిస్తాం, దొంగను పట్టిస్తాం. ఇంగ్లండు పిల్లవాడికి ‘పట్టు’ అంటే చేత్తో పట్టుకోవడం అని ఒక్క అర్థం చెప్పి, ‘నాకు నిద్ర పట్టలేదు’ను ఇంగ్లీషు చెయ్యమంటే వాడూ మీ తొమ్మిదో తరగతి పిల్లల్లాగే రాస్తాడు. ‘కొట్టు’, ‘పెట్టు’, ‘పడు’ కూడా తక్కువ తినలేదు.

ఇక కండక్టర్ మాట. ‘రన్నింగ్’ అని ఇంగ్లీషు మాట తీసుకుని, దానికి కదలిక అనే అర్థమిచ్చి, ‘లో’ విభక్తి తగిలించాక అది తెలుగే. ఇంగ్లీషువాడికి చెబితే అర్థం కాదు. ‘కదులుతున్న బస్సులో నుంచి దిగరాదు’ అనేది బస్సు లోపల రాసిపెట్టడానికి బాగుంటుంది. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు కిందికి దించినవాణ్ణి ఆపాలంటే ‘రన్నింగ్‌లో దిగబాకయ్యా’ అనే కేకే పనిచేస్తుంది.