హెబ్రీ ప్రవక్తల హెచ్చరికలను పెడచెవిన పెడితే ఏమయ్యేది?

ప్రవక్తల గ్రంథాల ప్రకారం, దేవుని హెచ్చరికను పెడచెవిన పెట్టిన రాజ్యానికి ఓటమి, నగర విధ్వంసం, చెర తప్పలేదు. దేవునితో నిబంధన (ఒప్పందం) చేసుకున్న జనం బీదలను అణచివేసి, విగ్రహాలను ఆశ్రయిస్తే ఆ నిబంధన ఇచ్చే కాపుదల పోతుందన్నది వారి వాదన.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం చూడండి. చలికాలం. యూదా రాజు యెహోయాకీము ముందు కుంపటి మండుతోంది. ప్రవక్త యిర్మీయా చెప్పగా అతని లేఖకుడు బారూకు రాసిన హెచ్చరికల గ్రంథపు చుట్టను చదివి వినిపిస్తున్నారు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు ఆ భాగాన్ని చాకుతో కోసి నిప్పులో వేస్తాడు. అలా చుట్ట మొత్తం కాలిపోయింది, హెచ్చరిక మాత్రం కాలిపోలేదు: యిర్మీయా మరిన్ని మాటలు చేర్చి మళ్లీ రాయించాడు. తర్వాత యూదాను ఏలిన సిద్కియా రాజుకు, దండెత్తి వచ్చిన బబులోను సామ్రాజ్యానికి లొంగిపోతే రాజధాని యెరూషలేము దక్కుతుందన్న చివరి అవకాశమూ వచ్చింది. భయంతో వదులుకున్నాడు. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము, దేవాలయంతో సహా, తగలబడింది.

ఈ హెచ్చరికలను మార్చలేని జోస్యాలుగా చాలామంది పొరబడతారు. నిజానికి అవి మారమనే పిలుపులు. 40 రోజుల్లో అష్షూరు నగరం నీనెవె నాశనమవుతుందని యోనా ప్రవక్త ప్రకటించాడు. జనం మనసు మార్చుకున్నారు, నగరం నిలిచింది.