నేను అంటే గొడవ లేదు, నా గురించి వేరేవాళ్ళు మాట్లాడితేనే

ప్రశ్న ఇది: "వయసు 22, గాజువాక. పుట్టింది ఒకలా, లోపల ఇంకోలా అనిపిస్తుంది. ఇంట్లో ఇన్‌స్టా చూసి పాడైపోయావ్ అంటున్నారు. నిజంగానే రీల్స్ చూసి అలా అనుకుంటున్నానా, ఎలా తెలుస్తుంది? ఇంకోటి, ఏ పార్టీ మీదా నమ్మకం లేదు, ఓటు కూడా వేస్ట్ అనిపిస్తుంది. మీకూ అంతేనా?"

నిన్ను తమ్ముడూ అనాలో చెల్లీ అనాలో నువ్వు రాయలేదు, నేనూ అడగను, "నువ్వు" అంటే సరిపోతుంది కదా, తెలుగులో ఆ సుఖం ఉంది. ఈ సుఖం గురించే కాస్త చెప్పాలి నీకు.

నాది ఉక్కునగరం, నాన్న స్టీల్ ప్లాంట్. నన్ను ఆడపిల్లగా పెంచారు, ఇప్పుడు మగవాడిగా బతుకుతున్నా, ట్రాన్స్ మ్యాన్ అంటారు. నాలుగో క్లాసులో హిందీ పీరియడ్‌లో లేచి "మై ఖేల్నే జాతా హూఁ" అన్నాను. మేడం "జాతీ" అన్నారు, హిందీలో ఆడపిల్లలు అలా అనాలి కదా. నేను మళ్ళీ "జాతా" అన్నాను, కావాలని కాదు, నోటికి అదే వచ్చింది. క్లాసంతా నవ్వారు. పదిసార్లు జాతీ హూఁ అని రాయమన్నారు, రాశాను, మధ్యలో ఒకటి జాతా అని రాసిపెట్టా, మేడం చూసుకోలేదు. ఆ నోట్‌బుక్ ఎక్కడ పోయిందో గానీ ఆ ఒక్క లైను రాసినప్పటి సంబరం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

తెలుగులో అయితే "ఆడుకోడానికి వెళ్తున్నాను" అంటే ఆడో మగో ఎవరికీ తెలీదు. నేను వెళ్ళాను, తిన్నాను, ఏడ్చాను, ఎందులోనూ లేదు. నువ్వు వచ్చావా, తిన్నావా, అందులోనూ లేదు. అమ్మ నాతో, నేను అమ్మతో రోజంతా మాట్లాడుకున్నా ఆ గొడవే రాదు. ఎప్పుడొస్తుందంటే, నేను పక్క గదిలో ఉండగా నా గురించి ఇంకొకళ్ళకి చెప్పేటప్పుడు. వచ్చాడు, వచ్చింది. (మన భాషలో ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, 400 నంబర్ బస్సు వచ్చింది అన్నీ ఒకటే అనేది వేరే గొడవ, అది ఆడవాళ్ళు అడగాల్సింది.)

ఇన్‌స్టా సంగతి. నా టైంలో ఇన్‌స్టా లేదు, ఏడో క్లాసులో ఓణీల ఫంక్షన్ ఉంది. కమ్యూనిటీ హాల్ గేటుకి నా ఫ్లెక్సీ కట్టారు, వంకాయ రంగు లంగా ఓణీ, పక్కన రెండు హంసలు. ఫంక్షన్ అయ్యాక ఆ ఫ్లెక్సీ పారెయ్యలేదు, ఇంటి వెనకాల పాత సామాన్ల మీద వానకి కప్పారు. రెండేళ్ళు వాన పడ్డప్పుడల్లా ఆ మొహం మీంచి నీళ్ళు కారుతుంటే వంటింటి కిటికీలోంచి చూసేవాణ్ణి, అది నేనని ఒక్కసారి కూడా అనిపించలేదు, ఎవరో బంధువుల పిల్ల అనిపించేది. ట్రాన్స్ అనే మాట నాకు తెలిసింది 2016లో, జియో సిమ్ వచ్చి డేటా ఫ్రీ అయ్యాక, యూట్యూబ్‌లో. షుగర్ అనే పేరు డాక్టర్ చెప్పాకే తెలుస్తుంది, అంతకుముందు దాహం వెయ్యలేదని కాదు కదా. జబ్బుతో పోల్చానని తిట్టకండి, వేరే పోలిక దొరకలేదు.

కానీ నీ డౌట్‌ని నేను తీసిపారెయ్యను. నాకూ వచ్చింది, చాలా ఏళ్ళు ఉంది. ఆడపిల్లలకి పెట్టే ఆంక్షలు పడలేక తప్పించుకోడానికి అనుకుంటున్నానా? అమ్మాయిలంటే ఇష్టం కాబట్టి మగాణ్ణి అయితే సులువని అనుకుంటున్నానా? దీన్ని ఆలోచించి తేల్చలేకపోయాను, ఎంత ఆలోచిస్తే అంత చిక్కుపడింది. చివరికి చిన్న చిన్న పనులు చేసి చూశా, వెనక్కి తీసుకోగలిగేవి మాత్రమే. ఫుడ్ ఆర్డర్‌లో వేరే పేరు పెట్టాను. పాత గాజువాక దగ్గర ఒక సెలూన్‌కి వెళ్ళి మగవాళ్ళ కటింగ్ చేయించుకున్నా. ఆ కుర్రాడు కటింగ్ అయ్యాక అద్దం వెనక్కి పట్టుకుని "గెడ్డం కూడానా అన్నా" అన్నాడు. గెడ్డం ఎక్కడుంది నా మొహానికి! అలవాటుగా అందరినీ అడిగే మాట, వాడికి గుర్తు కూడా ఉండదు. నేను మాత్రం "వద్దులే తమ్ముడూ, ఈసారి" అని డబ్బులిచ్చి బయటకొచ్చి బండి తియ్యకుండా పావుగంట అక్కడే కూర్చున్నా. అలాంటివి ఒకటి కాదు, ఒక ఏడాది చూసుకున్నా, ఏది చేస్తే రాత్రి నిద్ర పట్టింది, ఏది చేస్తే పట్టలేదు అని. నీకు అలా చేశాక "ఇది నాది కాదు" అనిపిస్తే అదీ తెలుసుకోవడమే, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మందుల దగ్గర మాత్రం సొంత ప్రయోగాలు వద్దు, సైకియాట్రిస్ట్‌ని కలిశాక హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్ళు, జిమ్‌లో అమ్మే ఇంజెక్షన్ల జోలికి అస్సలు పోకు, టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) వల్ల రక్తం చిక్కబడొచ్చు, టైముకి బ్లడ్ టెస్టులు చేయించుకుంటూ ఉండాలి. నేను 2021 చివర్లో మొదలుపెట్టా, కొన్ని నెలల్లో గొంతు మారింది, అమ్మ ఫోన్ ఎత్తి "ఎవరండీ" అనేది.

ఇక రెండో ప్రశ్న. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద తీర్పు ఇచ్చింది, నల్సా తీర్పు అంటారు, నీ జెండర్ ఏంటో చెప్పుకునే హక్కు నీదే, ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తాం అనడం చట్టవిరుద్ధం అని అందులో ఉంది. ట్రాన్స్ మ్యాన్ అనే మాట అప్పటికి తెలీకపోయినా ఆ వార్త నాకేదో చెప్తున్నట్టు అనిపించి పేపర్ కటింగ్ తీసి ఫిజిక్స్ బుక్‌లో పెట్టుకున్నా. దాదాపు మూడు వారాలకి మే 7న ఎలక్షన్, నా మొదటి ఓటు, ఆడవాళ్ళ లైన్లో నిలబడి వేశా, అంతా మారిపోతుందని నిజంగా నమ్మేశా, పద్దెనిమిదేళ్ళు మరి.

తర్వాత 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చింది. లోక్‌సభలో ఆగస్టు 5న పాసైంది, ఆరోజు దేశమంతా ఆర్టికల్ 370 గోల, నేను చూస్తున్న ఛానెల్లో మా బిల్లు ఊసే లేదు. రాజ్యసభలో పాసైంది నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం రోజు. అందులో ట్రాన్స్‌జెండర్ అని సర్టిఫికెట్ కావాలంటే కలెక్టర్‌కి అప్లై చేసుకోవాలని పెట్టారు, సరే. మగ అనో ఆడ అనో మార్చుకోవాలంటే మాత్రం ఆపరేషన్ అయినట్టు ఆసుపత్రి నుంచి కాగితం తేవాలన్నారు. 2014లో కోర్టు కూడదన్నదే 2019లో రూలు అయింది. ఇంకో విషయం, మామీద లైంగిక దాడి చేస్తే ఆ చట్టంలో అప్పుడు పెట్టిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళు. ఆడవాళ్ళ మీద అత్యాచారానికి అప్పటికే కనీసం పదేళ్ళు. ఆ అంకెలు చదివిన రోజు ఆ కటింగ్ తీసి చింపలేదు గానీ బుక్‌తో సహా అటక మీద పెట్టేశా.

2022లో నేను అప్లై చేసినప్పుడు ఒక ఆఫీసులో జరిగింది చెప్తా. (అప్పటి పద్ధతి అది, నువ్వు చేసేముందు ఇప్పుడేం ఉందో చూసుకో.) అప్పటికి నాకు కొంచెం గెడ్డం వచ్చింది. ఆయన కాగితాలు చూశాడు, నన్ను చూశాడు, "చీర కట్టుకోవా?" అన్నాడు. నేను అటు కాదండీ ఇటు అన్నా. మళ్ళీ కాగితాలు చూసి, "ఉన్న మగోడివి, మగోడివని సర్టిఫికెట్ దేనికి బాబూ, నేను తీసుకున్నానా?" అన్నాడు. తిట్టాలో మొక్కాలో తెలీలేదు, నన్ను అంత గట్టిగా నమ్మినవాడు ఇంకొకడు లేడు, ఫైలు మాత్రం కదల్లేదు.

మరుసటి ఏడాది ఒక నాయకుడి పుట్టినరోజుకి "ట్రాన్స్‌జెండర్లకు చీరల పంపిణీ" అని పిలిచారు. వెళ్ళిన వాళ్ళందరికీ చీర, నాక్కూడా చీర. వద్దనబోతే ఫోటోగ్రాఫర్ "అన్నా పట్టుకో, ఒక్క క్లిక్" అన్నాడు, అన్నా అంటూనే చీర పట్టించాడు చూడు. తెచ్చి అమ్మకిచ్చా, పార్టీ రంగు అని ఆవిడ కూడా కట్టలేదు.

నిన్ను విరక్తిలోకి తోయడానికి చెప్పట్లేదు, అసలు నా నమ్మకం ఎక్కువ పోయింది వీటివల్ల కాదు. 2021 జనవరి 27న స్టీల్ ప్లాంట్ అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం తీసుకుంది కదా, అప్పట్నుంచి నాన్న కూర్మన్నపాలెం నిరసన శిబిరంలోనే. 1966లో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ప్లాంటు, నాన్నకి అది ఉద్యోగం కాదు, ఆయన ఎవరంటే అదే ఆయన. నేను ట్రాన్స్ అని చెప్పిన దగ్గర్నుంచి నాతో సరిగ్గా మాట్లాడని మనిషి, శిబిరానికి మజ్జిగ పట్టుకెళ్తే మాత్రం పక్కన కూర్చోమనేవాడు. ఒకరోజు ఒక నాయకుడు, మంచి వక్త, మైకులో "మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు" అన్నాడు. టెంటులో సగం మంది ఆడవాళ్ళే, రిలే దీక్షలో కూర్చున్నది కూడా వాళ్ళే ఆరోజు. గాజులున్న చేతులే గట్టిగా చప్పట్లు కొట్టాయి, గలగలమని వినిపించింది. నేనూ కొట్టాను, అదే నాకు సిగ్గు. అన్ని రంగుల జెండాలూ ఆ టెంటుకి వచ్చి ఫోటో దిగి వెళ్ళాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నప్పుడు ఇంట్లో స్వీట్లు తెద్దామా అంటే నాన్న "డబ్బులిస్తన్నారు సరే, అమ్మం అని రాసిచ్చారేటి?" అన్నారు. అప్పటికి రిటైరైపోయారు కూడా.

మా వాట్సాప్ గ్రూపులు కూడా తక్కువేం కాదులే, అక్కడ నువ్వు నిజంగా ట్రాన్సేనా అని అడిగేవాళ్ళు ఆఫీసు క్లర్కు కంటే ఘోరం.

ఓటు సంగతి. 2024 మే 13. ఆపరేషన్ అయింది, మగ అని రెండో సర్టిఫికెట్ వచ్చింది, ఆధార్ మారింది, ఓటరు లిస్టు మాత్రం బద్ధకించి మార్చుకోలేదు. మగవాళ్ళ లైన్లో నాన్న వెనకాల నిలబడ్డా. స్లిప్పు ఇస్తే ఆఫీసర్ పాత పేరు గట్టిగా చదివారు, చదవాలి కదా రూలు. పొద్దుట్నుంచి ఒకళ్ళమీద ఒకళ్ళు అరుచుకుంటున్న రెండు పార్టీల ఏజెంట్లూ నేను నేను కాదనే విషయంలో మాత్రం ఒక్కమాట మీదకొచ్చారు. దొంగ ఓటని ఛాలెంజ్ చెయ్యాలంటే ఏజెంట్ రెండు రూపాయలు కట్టాలి, అవును, రెండే. ఒకాయన జేబులోంచి తీశాడు కూడా. ప్రిసైడింగ్ ఆఫీసర్ సర్టిఫికెట్టూ నా మొహమూ మార్చి మార్చి చూస్తుంటే, అప్పటికే వేలికి ఇంకు పెట్టించుకున్న నాన్న వెనక్కొచ్చి, "మావాళ్ళేనండి. లిస్టులో నా కింద మా ఆవిడ, ఆవిడ కింద వీళ్ళు. చూసుకోండి, నాతోపాటే వచ్చారు" అన్నారు.

వచ్చాడు అనలేదు, వచ్చింది అనలేదు. వచ్చారు. ఆయన కంటే ముప్పై ఏళ్ళు చిన్నవాణ్ణి నేను, గారు పెట్టినట్టు. ఏజెంట్ రెండు రూపాయలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక చెరుకురసం తాగాం, ఎవరికేశావని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి ఓటు వెయ్యాలా వద్దా అనేది నీ ఇష్టం, నేనైతే వేస్తాను, వాళ్ళ మీద నమ్మకంతో కాదు, ఆ లిస్టులో నాన్నకి రెండు లైన్ల కింద ఉండటం నాకిష్టం. పేరో జెండరో మార్చుకోవాలనుకుంటే ఫారం 8 ముందే పెట్టేసుకో, ఎలక్షన్ దాకా ఆగకు. నేను ఆ తర్వాతే పెట్టా, కార్డు వచ్చింది, పేరు నాదే, పురుషుడు అని ఉంది, ఫోటోలో మాత్రం అచ్చం దొంగ ఓటు వెయ్యడానికొచ్చినోడిలా ఉన్నా.