ట్రిమ్మర్ స్టాండులో ఒక పిన్నుకే చిలుము ఎందుకు పడుతుంది, దాన్ని ఎలా వదిలించాలి

అన్నా, మీరు అడిగింది ఇదీ: తిరుపతి కొర్లగుంటలో సెలూను, రెండు ట్రిమ్మర్లు, రెండు ఛార్జింగ్ స్టాండ్లు. ఒకదాంట్లో ట్రిమ్మరు నిలబెడితే లైటు వెలిగి ఆరిపోతోంది, కాస్త కదిలిస్తే మళ్ళీ వెలుగుతోంది. స్టాండులోని రెండు పిన్నుల్లో ఒకటి మాత్రం చిలుమెక్కి ఆకుపచ్చగా ఉంది. పక్కంగట్లో వాళ్ళు పెట్రోలుతో కడిగి సాండ్‌పేపరుతో గీకమన్నారు.

ఆ రెండూ వద్దు. పెట్రోలు తగిలితే స్టాండు ప్లాస్టిక్ పాడై పగుళ్ళు వస్తాయి, ఆరకముందే ప్లగ్గు పెడితే నిప్పంటుకునే ప్రమాదం. సాండ్‌పేపరు అంతకన్నా చెరుపు. పిన్ను మీద మెరిసేది నికెల్ పూత, కొన్నిటికి బంగారు పూత. దాని మందం కొన్ని మైక్రాన్లే, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. నాలుగు రాపిళ్ళకే పోతుంది. అడుగున ఉన్న ఇత్తడో ఇనుమో బయటపడితే ఆ రోజుకు లైటు బాగానే వెలుగుతుంది గానీ, తర్వాత చిలుమైనా తుప్పైనా మునుపటికన్నా తొందరగా పడుతుంది. బ్లేడు అంచుతో గీకడం కూడా ఇంతే.

ముందు కారణం తెలుసుకుంటే మిగతా పని సులువు. రెండు పిన్నులకూ అదే చెమ్మ, అదే నూనె, అదే వెంట్రుకల పొడి. అయినా ఒక్కటే ఎందుకు పచ్చబడింది? అది ప్లస్ పిన్ను. చాలా స్టాండ్లలో ట్రిమ్మరు ఉన్నా లేకపోయినా, ప్లగ్గులో ఉన్నంతసేపూ పిన్నుల మధ్య డీసీ (ప్లస్ మైనస్ మారకుండా ఒకే దిశలో ఉండే) వోల్టేజీ ఉంటుంది. వాటి మధ్య తడి చేరి, అందులో చెమట ఉప్పో సబ్బో కలిస్తే, ఆ తడిగుండా సన్నగా కరెంటు పారుతుంది. పారినంతసేపూ ప్లస్ వైపు లోహం కొంచెం కొంచెంగా కరుగుతుంది. గిల్టు వేసే చోట కరెంటుతో పూత ఎక్కిస్తారు కదా, ఇక్కడ అదే కరెంటు పూతను ఊడదీస్తుంది. పూత పోయాక ఇత్తడిలోని రాగి బయటపడి చిలుమవుతుంది. అందుకే ఎంత బాగా తుడిచినా, ఖాళీ స్టాండును రాత్రంతా ప్లగ్గులో వదిలితే జబ్బు తిరగబెడుతుంది. కార్తీకమాసం ముసుర్లలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మన తిరుపతి వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, ఆ మూడు నెలలూ పిన్నుల మీద కన్నేసి ఉంచండి.

ఇక తుడిచే పని. అడాప్టరును గోడ ప్లగ్గు నుంచి పూర్తిగా పీకేయండి, స్విచ్చి ఆపితే సరిపోదు. పాత వైరింగులో స్విచ్చి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) మీద ఉండొచ్చు, అప్పుడు ఆపినా ఫేజు (షాకు కొట్టే తీగ) లోపలిదాకా వస్తుంది. మధ్యలో అడాప్టరు లేకుండా కరెంటు తీగ నేరుగా స్టాండులోకే వెళ్ళే రకమైతే ఇంకా జాగ్రత్త. అలాంటి చవక రకాల్లో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, కెపాసిటరుతోనే వోల్టేజీ తగ్గిస్తారు. ప్లగ్గులో ఉండగా దాని పిన్ను ముట్టుకుంటే 230 వోల్టుల షాకు కొట్టొచ్చు. దాన్ని తడిగుడ్డతో తుడవొద్దు, విప్పొద్దు. నా మాట వింటే, అంగట్లో అలాంటిది వాడకండి.

తడి తగిలించే ముందు పొడిగా దులపాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. వెంట్రుకల పొడి, టాల్కం పౌడరు ఉండగానే స్పిరిట్ పోస్తే అదంతా నూనెతో కలిసి జిడ్డు ముద్దై పిన్ను చుట్టూ ఉన్న సందులోకి దిగుతుంది. టాల్కం కరెంటు పారనివ్వదు, ఆ ముద్ద పిన్ను తలమీద సన్నటి పొరలా పట్టినా ఛార్జింగు ఆగుతుంది. స్టాండును బోర్లించి, మెత్తటి పాత టూత్‌బ్రష్షుతో లోపలి నుంచి బయటికి దులపండి. సందుల్లో మిగిలింది రబ్బరు బల్బు బ్లోయరుతో ఊదండి. నోటితో ఊదితే ఉమ్మి తడి పడుతుంది.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే అంగట్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు, 99 శాతం ఉన్నది తీసుకోండి. హ్యాండ్ శానిటైజరు దీనికి పనికిరాదు, అందులో చేతుల కోసం కలిపే గ్లిజరిన్ ఆరకుండా పిన్ను మీద పొరలా నిలుస్తుంది. జెల్ రకమైతే జిగురు కూడా. ఇయర్ బడ్‌ను ఐపీఏలో ముంచి, సీసా మూతికి ఒత్తి కారకుండా చేసి, ఒక్కో పిన్నుకూ విడివిడిగా తుడవండి. బడ్ నల్లబడిన కొద్దీ మార్చండి, రెండు పిన్నులకు నాలుగైదు పడతాయి. సీసాను నేరుగా స్టాండులోకి వంచొద్దు, పిన్ను చుట్టూ ఉన్న సందుగుండా జిడ్డుతో సహా సర్క్యూట్ బోర్డు మీదికి దిగుతుంది. ఫ్యాను కింద పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యరు పెట్టొద్దు, ఆల్కహాల్ ఆవిరికి నిప్పు తొందరగా అంటుకుంటుంది. పార్లర్లలో ఉండే నెయిల్ పాలిష్ రిమూవరు జోలికి అసలు పోవద్దు, అందులో అసిటోన్ ఉంటే స్టాండు ప్లాస్టిక్ కరిగి బంకలా అవుతుంది.

చిలుము ఐపీఏకు పోదు, దానికి పులుపు కావాలి. ఇంట్లో ఇత్తడి చెంబును చింతపండుతో తోముతాం కాబట్టి అదే గుర్తుకొస్తుంది గానీ, పిన్నుకు చింతపండు వాడొద్దు. పీచూ తీపీ సందుల్లో మిగిలిపోతాయి. నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్దడం ఇంకా తప్పు, ఉప్పు మిగిలితే మళ్ళీ చిలుమును పిలుస్తుంది. మామూలు తెల్ల వెనిగర్ చాలు. బడ్‌ను తడిపి గట్టిగా పిండి, పచ్చబడిన చోట ఒకటి రెండు నిమిషాలు ఒత్తి ఉంచి తుడవండి. రంగు బడ్‌లోకి వస్తుంది. అవసరమైతే ఇంకోసారి. ఆ వెంటనే మంచినీళ్ళలో తడిపి పిండిన బడ్‌తో రెండుసార్లు తుడిచి వెనిగర్‌ను తీసేయాలి, ఆపైన ఐపీఏతో నీళ్ళను తీసేయాలి. ఈ వరస తప్పితే మిగిలిన వెనిగరే పిన్నును తినేస్తుంది. చివర్న ఇంకా మసక ఉంటే పిల్లలు పెన్సిలు గీత చెరిపే తెల్ల రబ్బరును సన్నగా కోసి, ఒత్తకుండా నాలుగుసార్లు రుద్దండి, రాలిన పొడిని దులపండి. ఇసుక గరుకు ఉండే ఇంకు రబ్బరు మాత్రం వద్దు.

పిన్ను లోపలికి నొక్కుకుని మళ్ళీ లేచే స్ప్రింగు రకమైతే ఇంకో పరీక్ష ఉంది. చెక్క టూత్‌పిక్కుతో ఒక్కోదాన్నీ నిలువుగా నొక్కి వదలండి. రెండూ ఒకే ఎత్తుకు, ఒకే వేగంతో లేవాలి. మీరు చెప్పిన లక్షణం, కదిలిస్తే వెలగడం, ఎక్కువసార్లు ఇక్కడినుంచే వస్తుంది. ఒకటి సగంలో ఇరుక్కుని ఉంటే దాని మొదట్లో ఒక్క చుక్క ఐపీఏ వేసి పదిహేను, ఇరవైసార్లు నొక్కండి. క్లిప్పర్ నూనె గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టొద్దు. అప్పటికి కదులుతుంది, తర్వాత ఆ నూనెకు వెంట్రుకల పొడి అంటుకుని మళ్ళీ ఇరుక్కుంటుంది. స్ప్రింగు కాకుండా వంచిన రేకు రకమైతే, అది వాలిపోయిందేమో పక్కనున్న దానితో పోల్చి చూసి, ప్లాస్టిక్ పట్టకారుతో అర మిల్లీమీటరు పైకి లేపండి, అంతకు మించి లేపితే విరుగుతుంది.

ట్రిమ్మరు అడుగున ఉండే రెండు బిళ్ళలకూ ఇదే వైద్యం చేయాలి. స్టాండును అద్దంలా తుడిచి ట్రిమ్మరు అడుగు వదిలేస్తే ఫలితం ఉండదు.

తుడిచాక కూడా లైటు ఆరుతుంటే వోల్టేజీ కొలిచే మల్టీమీటరు తీయండి, చవక రకమైనా చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, మొదట అడాప్టరు వైరు చివర చూడండి. అడాప్టరు మీద 5 వోల్టులని రాసుంటే 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. అక్కడ రాకపోతే అడాప్టరో దాని వైరో పోయినట్టు. అక్కడ వచ్చి పిన్నుల దగ్గర సున్నా చూపిస్తే తొందరపడి స్టాండు పోయిందనుకోవద్దు, ట్రిమ్మరు కూర్చున్నాకే వోల్టేజీ వదిలే స్టాండ్లూ ఉన్నాయి. పక్కనున్న మంచి స్టాండు అదే రకమైతే దాని పిన్నుల దగ్గరా కొలిచి పోల్చండి. అసలు నిజం బయటపడేది ట్రిమ్మరు కూర్చోబెట్టి కొలిచినప్పుడే. ఖాళీగా 5.1 ఉండి, ట్రిమ్మరు పెట్టగానే అడాప్టరు చివర 5 దగ్గరే ఉంటూ పిన్నుల దగ్గర 4.2కి పడితే, దారిలో ఎక్కడో అడ్డు ఉంది. లెక్క చూడండి: పిన్ను దగ్గర అర ఓమ్ అడ్డు ఉండి 1 ఆంపియరు పారితే అర వోల్టు అక్కడే పోతుంది, అర వాటు వేడి ఆ సూదిమొనంత చోటే పుడుతుంది. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడానికి కారణం ఇదే.

అడ్డు పిన్ను మీద కాకపోతే లోపల ఉంది. స్టాండు అడుగున రబ్బరు కాళ్ళు పీకితే స్క్రూలు కనిపిస్తాయి. ప్లగ్గు తీసే ఉండాలని మళ్ళీ చెబుతున్నాను. పిన్ను వెనక టంకం చుట్టూ గుండ్రటి సన్నటి గీత ఉంటే అది పగిలిన టంకమే. ట్రిమ్మరును రోజుకు పాతికసార్లు తెచ్చి దబ్బున పెట్టే సెలూన్లలో ఇది మామూలు. పాత టంకం తీసి కొత్తది పెట్టాలి. టంకం బాగా అతకడానికి రాసే ఫ్లక్సుల్లో రోజిన్ రకమే వాడాలి. రేకు పనికి వాడే యాసిడ్ పేస్టు పెడితే కొన్ని వారాల్లో ఆ టంకమే చిలుమెక్కుతుంది. రిపేరుకు ఇచ్చినా ఈ మాట చెప్పి ఇవ్వండి. బరువు కోసం అడుగున ఇనుప బిళ్ళ ఉంటే తుప్పు చూడండి, తుప్పుంటే లోపలికి తడి చేరిందనే అర్థం.

మళ్ళీ రాకుండా ఉండాలంటే నూనె పద్ధతి మార్చుకోవాలి. ట్రిమ్మరు స్టాండులో బ్లేడు పైకి నిలబడుతుంది, బ్లేడుకు ఎక్కువైన నూనె ఒంటి వెంబడి కారి నేరుగా పిన్నుల మీదికి చేరుతుంది. రెండు మూడు చుక్కలు వేసి, పది సెకన్లు నడిపి, బ్లేడునూ ఒంటినీ గుడ్డతో తుడిచాకే స్టాండులో పెట్టండి. బ్లేడు చల్లబరిచే స్ప్రేలూ క్రిమిసంహారక స్ప్రేలూ ట్రిమ్మరు స్టాండులో ఉండగా కొట్టకండి. నీళ్ళతో కడిగే రకమైతే విదిలించి, అడుగు బిళ్ళలు తుడిచి, పావుగంట ఆరాక పెట్టండి. బోరు నీళ్ళు వాడేచోట కొళాయికి పట్టే తెల్లటి పొరే పిన్నుకూ పడుతుంది. అది సున్నపు పదార్థం, పైన చెప్పిన వెనిగర్ వరసతోనే పోతుంది. స్టాండు ఒంటిని క్రిములకోసం తుడవాలంటే 70 శాతం ఆల్కహాల్ మేలు, అందులోని నీళ్ళు క్రిములను చంపడానికి సాయపడతాయి. పిన్నులకు మాత్రం 99 శాతమే. బ్లీచింగు నీళ్ళు పిన్నుల దగ్గరికి రానివ్వొద్దు, క్లోరిన్ లోహాన్ని తినేస్తుంది.

సెలూనుకు రోజూ రాత్రి అరనిమిషం పొడి బ్రష్షు, వారానికోసారి ఐపీఏ, నెలకోసారి స్ప్రింగు పరీక్ష సరిపోతాయి. ఇంట్లో వాడే దానికి నెలకోసారి తుడిస్తే చాలు.

ఎండాకాలం మన ఊళ్ళో 40 డిగ్రీలు దాటే రోజులు తక్కువేం కాదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు, రేకుల కప్పు కింద అద్దం లైట్ల పక్కన స్టాండు ఉంటే మధ్యాహ్నానికి ఆ హద్దు దాటేస్తుంది. కింది అరలోకి, స్టీమరుకు దూరంగా మార్చండి. ఛార్జి నిండాక ట్రిమ్మరును తీసేయండి, నిండుగా ఉండి వేడిలో కూర్చుంటే లిథియం తొందరగా ముసలిదవుతుంది.

అడాప్టరు పోతే దొరికిందల్లా గుచ్చొద్దు. ఒకే సైజు పిన్నుతో 5 వోల్టులవీ, 15 వోల్టులవీ కూడా ఉంటాయి. వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, ప్లస్ మైనస్ గుర్తు కలవాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. టైప్ సి సాకెట్ ఉన్న స్టాండు రెండువైపులా టైప్ సి ఉన్న వైరుతో ఛార్జి కాకపోతే అది చెడిపోయినట్టు కాదు. స్టాండు తగిలిందని ఛార్జరుకు తెలిపే 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు చాలా చవక స్టాండ్లలో పెట్టరు, అందుకే ఛార్జరు కరెంటు వదలదు. ఒకవైపు పాత యూఎస్‌బీ ఉన్న వైరు పెడితే పనిచేస్తుంది.

మీ స్టాండుకు ఇవన్నీ చేసే ముందు ఒక్కటి చూడండి. పచ్చబడిన పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి పిన్ను ఊగుతున్నా, నల్లబడి కాలిన వాసన వస్తున్నా తుడవడం దండగ, స్టాండు మార్చేయండి. ప్లాస్టిక్ గట్టిగా ఉంటే పొడిగా దులపడం నుంచి మొదలుపెట్టి, పై వరస ప్రకారం తుడిచి, ట్రిమ్మరు కూర్చోబెట్టినప్పుడు పిన్నుల దగ్గర మీటరు ఎంత చూపించిందో ఇక్కడ రాయండి. తప్పు పిన్నుదో టంకానిదో దాన్ని బట్టి చెబుతాను.